దస్త్రం ఎవరింట్లో ఉంది?

1984కు ముందు, ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ తాలూకాలో ఓ రైతుకు తన భూమి లెక్క చూసుకోవాల్సిన పని పడితే ముందుగా పోయేది తహసీలుకు కాదు, పట్వారి ఇంటికి. పహాణీలు, ఫైసల్‌పట్టీలు, జమాబందీ లెక్కలు గుడ్డలో మూటగట్టి అక్కడే ఉండేవి. దస్త్రం సర్కారుది. అందులో ఉన్నది ఊరందరి సంగతి. రుసుం కడితే నకలు ఇవ్వాల్సిందే. ఇన్ని ఉన్నా రైతు పట్వారి అరుగు ముందు చేతులు కట్టుకునే నిలబడేవాడు. చదివే హక్కు ఎందరికున్నా, రాసే కలం ఒక్కడి చేతిలోనే ఉండేది మరి.

డేటాబేసు సాఫ్ట్‌వేర్ల లోకంలో ఇరవై ఏళ్లుగా తెగని పంచాయితీ కూడా ఆ కలం గురించే. ఓపెన్ సోర్స్ డేటాబేసు కోడు దాపరికం లేకుండా అందరి ముందూ ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, కాపీ చేసుకోవచ్చు, తమ పనికి తగ్గట్టు మార్చుకోవచ్చు. అయినా మైఎస్‌క్యూఎల్ అనే అలాంటి డేటాబేసు ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి చేతులు మారినప్పుడు దాన్ని నమ్ముకున్నవాళ్ల గుండెల్లో రాయి పడింది. ఇటు బాన్సువాడ భూముల లెక్కా పట్వారి ఇంటి నుంచి మండలాఫీసుకు, అక్కడి నుంచి ఓ ప్రైవేటు కంపెనీ నడిపే పోర్టల్‌లోకి వెళ్లి, మళ్లీ సర్కారు సంస్థ చేతికొచ్చింది.

నిజాం రాజ్యంలో భూమి లెక్కలకు ఒక దారి వేసింది మొదటి సాలార్‌జంగ్. 1853లో దివాన్ అయిన ఆయన, శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతికి అడ్డుకట్ట వేస్తూ 1865లో జిలాబందీ చేశారు. జిల్లాలు, తాలూకాలు ఏర్పడ్డాయి. పైన ఎన్ని మార్పులొచ్చినా ఊళ్లో మాత్రం పెత్తనం ముగ్గురిదే: శిస్తుకు మాలీ పటేలు, దొంగతనాలూ తగాదాలకు పోలీసు పటేలు, లెక్కలకు పట్వారి. ఈ కొలువులు వంశపారంపర్యం. కొలువు హక్కున్న వతన్‌దారు ఊళ్లో లేకపోతే గుమాస్తాను పెట్టి పని నడిపించేవాడు. తాలూకా కచేరీలో దస్త్రాలు ఉర్దూలో, సంవత్సరాలు ఫసలీలో ఉండేవి. బాన్సువాడ చుట్టుపక్కల మాట్లాడేది తెలుగు. జుక్కల్, మద్నూర్ వైపు పోతే మరాఠీ, కన్నడం కూడా వినబడతాయి. కచేరీ కాగితం మీది రాత మాత్రం పొలం దున్నేవాళ్లలో చాలామందికి కొరుకుడుపడేది కాదు.

నీళ్లొచ్చాక ఆ రాతకు విలువ పెరిగింది. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో పని మొదలైన నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది అప్పటి లెక్క. బాన్సువాడ, బీర్కూర్, వర్ని, కోటగిరి వైపు ఖుష్కీ (మెట్ట) భూములు తరీ (మాగాణి) అయ్యాయి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు వచ్చి కాలువల వెంట భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. ఇప్పటికీ ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అనే మాట ఉంది.

భూమి చేతులు మారడం ఎక్కువైంది. అందులో చాలా బేరాలు తెల్లకాగితం మీద సాదాబైనామాతోనే ముగిసేవి. అమ్మినవాడు ఒప్పుకున్నా, కొన్నవాడు దున్నుకుంటున్నా, ఊరంతా సాక్ష్యం చెప్పినా పహాణీలో పేరు మారాలంటే పట్వారి కలం కదలాలి.

పాత పహాణీ పుట ఒకటి తెరిచి చూస్తే ఆ కలం బలమెంతో తెలుస్తుంది. ముందు సర్వే నంబరు, దాని పక్కన బై నంబరు. తర్వాత ఎకరాలు, గుంటల్లో విస్తీర్ణం, శిస్తు, నేల రకం, నీటి ఆధారం. ఆపైన పట్టాదారు పేరు, మరో గడిలో అనుభవదారు పేరు. ఏ పంట ఎంత మేర వేశారో ఇంకో గడి. చివర ప్రత్యేకంగా ఏమైనా రాయాల్సి ఉంటే దానికో గడి. ఒక్కో నంబరుకు ఒక్కో వరస. ఇవాళ ఇంజినీర్లు రిలేషనల్ డేటాబేసు అంటున్నదాని కట్టుబాటూ ఇదే: వరసలు, గడులు, వరసను గుర్తుపట్టడానికి ఒక నంబరు.

ఈ పుటకు ప్రాణం పట్టాదారు, అనుభవదారు గడుల మధ్య ఉంటుంది. పట్టా ఒకరి పేరున ఉండి, దున్నేది మరొకరైతే ఆ రెండో మనిషికి దిక్కు అనుభవదారు గడే. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదార్లను గుర్తించింది. 1954-55లో పొలం పొలం చూసి ఖాస్రా పహాణీ రాశారు. డెబ్బై ఏళ్లు దాటినా తెలంగాణలో భూమి తగాదా కోర్టుకెక్కితే ఖాస్రా పహాణీలో ఎవరి పేరుందని వకీళ్లు ఇప్పటికీ వెతుకుతారు. ఆ గడిలో ఒక పేరు పడిందా లేదా అన్నదాని మీద మూడు తరాల బతుకు ఆధారపడింది.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులు రద్దు చేసింది. పటేళ్లు, పట్వారీలు, ఆంధ్ర ప్రాంతంలో కరణాలు, మునసబులు ఒక్కసారిగా మాజీలయ్యారు. టి. వెంకటరెడ్డి కేసులో 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. అదే ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి.

కొలువును రద్దు చేసినంత తేలిగ్గా దస్త్రం చేతికి రాలేదు. కొందరు అన్నీ అప్పజెప్పారు, కొందరు కొన్నే ఇచ్చారు. ఇచ్చిన కాగితాల్లోనూ ఏ బై నంబరు ఎప్పుడు, ఎందుకు విడిపోయిందో పట్వారి నోటిమాటగా చెబితే తప్ప తెలియనివి ఎన్నో. లెక్క రాసే మనిషిని తీసేసినా ఆ లెక్క గుట్టు అతని దగ్గరే మిగిలింది.

సరిగ్గా ఈ రకం పట్టు మీదే 2000 తర్వాత డేటాబేసు కంపెనీల బేరాలు నడిచాయి. 1995లో స్వీడన్‌లో మైకేల్ విడెనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ కలిసి మైఎస్‌క్యూఎల్ కంపెనీ పెట్టారు. మాంటీ అని అందరూ పిలిచే విడెనియస్, తన పెద్ద కూతురు 'మై' పేరు దానికి పెట్టుకున్నాడు. కోడు జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఉచితం. ఆ లైసెన్సు షరతులు వద్దనుకుని తమ సరుకులో కలిపి అమ్ముకునే కంపెనీలు మాత్రం డబ్బు కట్టి వేరే లైసెన్సు తీసుకోవాలి. అలా రెండు లైసెన్సులు ఇవ్వాలంటే కోడు కాపీరైటు మొత్తం ఒకే కంపెనీ చేతిలో ఉండాలి. ఊరందరికీ నకలు ఇస్తూనే కలం తన దగ్గరే పెట్టుకున్న ఏర్పాటిది.

ఆ ఏర్పాటులోని చిక్కు మెల్లగా బయటపడింది. మైఎస్‌క్యూఎల్ లోపల లావాదేవీలను భద్రంగా నడిపే ఇన్నోడీబీ అనే ఇంజిన్ ఫిన్లాండ్‌లోని ఇన్నోబేస్ అనే చిన్న కంపెనీది. 2005 అక్టోబరులో ఒరాకిల్ ఆ కంపెనీని కొనేసింది. 2008లో మైఎస్‌క్యూఎల్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 100 కోట్ల డాలర్లకు తీసుకుంది. 2009 ఏప్రిల్‌లో ఆ సన్‌నే 740 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఒరాకిల్ ప్రకటించింది. డేటాబేసులు అమ్మే వ్యాపారంలో ప్రపంచంలోనే పెద్ద కంపెనీ చేతికి, దాని ధరలకు గండికొడుతున్న ఉచిత డేటాబేసు కాపీరైటు వచ్చి పడింది.

యూరోపియన్ కమిషన్ 2009 సెప్టెంబరులో లోతైన విచారణ మొదలుపెట్టింది. మాంటీ ఆ అమ్మకాన్ని ఆపాలంటూ సంతకాల ఉద్యమం నడిపాడు. డిసెంబరు 14న ఒరాకిల్ పది హామీలు ఇచ్చింది. మైఎస్‌క్యూఎల్‌ను జీపీఎల్ కింద విడుదల చేస్తూనే ఉంటామన్నది వాటిలో ఒకటి. హామీలకు గడువు ఐదేళ్లు. 2010 జనవరి 21న కమిషన్ ఒప్పుకుంది, వారంలోపే బేరం ముగిసింది.

మాంటీ అప్పటికే వేరు కుంపటి పెట్టుకున్నాడు. మైఎస్‌క్యూఎల్ కోడునే తీసుకుని మరియాడీబీ మొదలుపెట్టాడు. ఈసారి పేరు చిన్న కూతురు మరియాది. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫోర్క్ అంటారు దీన్ని. కోడు అందరిదీ కాబట్టి ఎవరూ అడ్డుకోలేరు. మైఎస్‌క్యూఎల్ అనే పేరు మాత్రం వాడుకోవడానికి వీల్లేదు, అది ఒరాకిల్ ట్రేడ్‌మార్కు. వికీపీడియా 2013లో మరియాడీబీకి మారింది. తెలుగు వికీపీడియాలో బాన్సువాడ గురించి రాసిన పేజీ కూడా ఇప్పుడు అందులోనే భద్రంగా ఉంది.

ఒక్క కంపెనీ గుప్పిట్లోకి పోకుండా మొదటి నుంచీ జాగ్రత్తపడిన డేటాబేసు పోస్ట్‌గ్రెస్. 1986లో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన ఈ పనికి 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పేరు పడింది. దీని కాపీరైటు ఏ ఒక్క కంపెనీదీ కాదు. పెద్దరికం వహించే కోర్ టీమ్‌లో సగానికి మించి ఒకే కంపెనీ మనుషులు ఉండకూడదన్నది వాళ్ల కట్టుబాటు. 2020లో ఎంటర్‌ప్రైజ్‌డీబీ కంపెనీ సెకండ్‌క్వాడ్రంట్ అనే మరో కంపెనీని కొనడంతో ఆ లెక్క తప్పింది. కొన్ని వారాల్లోనే బయటి కంపెనీల నుంచి ఇద్దరిని చేర్చుకుని లెక్క సరిచేసుకున్నారు.

ఇక్కడా కంపెనీల డబ్బు లేదని కాదు. పోస్ట్‌గ్రెస్ మీద పనిచేసే సైటస్ డేటా కంపెనీని 2019 జనవరిలో మైక్రోసాఫ్ట్ కొన్నది.  ఒక కంపెనీని కొనొచ్చు, అందులోని ఇంజినీర్లకు జీతాలివ్వొచ్చు. పోస్ట్‌గ్రెస్‌ను కొందామంటే అమ్మే యజమానే లేడు.

అలాంటి కట్టుబాటు లేని చోట కథ పదే పదే అడ్డం తిరుగుతోంది. క్లౌడ్ కంపెనీలు తన కోడును అద్దెకిచ్చి సంపాదిస్తున్నాయన్న కోపంతో మాంగోడీబీ అనే డేటాబేసు కంపెనీ 2018లో లైసెన్సు మార్చింది. 2024 మార్చిలో రెడిస్ అనే మరో డేటాబేసు అదే దారి పట్టింది. రోజులు తిరక్కుండానే రెడిస్ పాత కోడు నుంచి వాల్కీ పుట్టింది, లైనక్స్ ఫౌండేషన్ దానికి నీడనిచ్చింది. ఏడాది తర్వాత రెడిస్ మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్సు వైపు వచ్చింది. వేరుపడతామన్న బెదిరింపు ఉత్తది కాదని యజమానులకు తెలియడం ఆ వెనకడుగుకు ఒక కారణం.

బాన్సువాడ రైతుకు ఆ బెదిరింపు అందుబాటులో లేదు. 2017 సెప్టెంబరు 15న తెలంగాణ ప్రభుత్వం ఊరూరా భూరికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టి ఆ ఏడాది చివరిదాకా నడిపించింది. అప్పటి వ్యవసాయ మంత్రి పోచారం శ్రీనివాసరెడ్డి బాన్సువాడ ఎమ్మెల్యే, ఈ మండలంలోని పోచారం ఊరి మనిషి. 2018 మే 10న రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయల చెక్కు, కొత్త పట్టాదారు పాసుపుస్తకం ఇచ్చారు. పాత లెక్కల్లోని గజిబిజి ఒక కొలిక్కి వచ్చిందని పట్టాదార్లు సంతోషించారు. చెక్కు పట్టాదారుకే. నిజాంసాగర్ కాలువల కింద వరి వేసే కౌలు రైతుకు అందులో చోటు దక్కలేదు.

2020 సెప్టెంబరు 7న రాష్ట్రమంతా గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) దగ్గరున్న రికార్డులను ఒక్కరోజులో స్వాధీనం చేసుకున్నారు. ఐదు వేల మందికి పైగా ఉన్న ఆ పదవులు రద్దయ్యాయి. అదే నెలలో కొత్త రెవెన్యూ చట్టం అసెంబ్లీ దాటింది. అప్పుడు స్పీకర్ పోచారమే. అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్ ప్రారంభించారు. స్లాటు బుక్ చేసుకుని తహసీల్దారు దగ్గరికి పోతే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూట అయిపోతాయన్నారు. కొనుగోలు సాఫీగా ఉన్న భూమికి అది నిజంగానే జరిగింది. లంచం అడిగే అంచెలు తగ్గాయని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

చిక్కల్లా తప్పు పడినవాళ్లకు. పేరులో ఒక అక్షరం తేడా, విస్తీర్ణంలో ఐదు గుంటల కోత, పట్టా భూమి నిషేధిత జాబితాలో పడటం లాంటివి. ఎదురుగా కూర్చున్న తహసీల్దారుకు అది తప్పని తెలిసేది. తెర మీద ఆ గడి మార్చే మీట ఆయన లాగిన్‌లో ఉండేది కాదు. దరఖాస్తు మీసేవలో పెట్టాల్సి వచ్చేది, అది జిల్లా కలెక్టర్ లాగిన్‌కు పోవాల్సి ఉండేది. రెవెన్యూ కోర్టులు ఎత్తేశారు కాబట్టి మిగిలింది సివిల్ కోర్టు. ఏ రకం తప్పు ఎదురైతే దానికొక మాడ్యూల్ చేరుస్తూ పోయారు, అవి 33 దాకా పెరిగాయి. 2024 మార్చి మొదటి వారంలో ప్రత్యేక డ్రైవు పెట్టేనాటికి సుమారు 2.45 లక్షల దరఖాస్తులు పెండింగులో ఉన్నాయి.

సాదాబైనామాలది ఇంకో బాధ. 2020లో క్రమబద్ధీకరణకు సుమారు 9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 1971 నాటి పాత చట్టం రద్దయ్యాక వాటిని ఏ చట్టం కింద తేలుస్తారని హైకోర్టు అడిగి ఆపేసింది. నిజాంసాగర్ నీళ్లొచ్చినప్పటి నుంచీ తెల్లకాగితం మీద నడిచిన బేరాలకు ధరణిలో గడి లేకుండా పోయింది.

ఇంతకీ ఆ పోర్టల్ ఎవరిది? డేటా సర్కారుదే. తయారు చేసి నడిపే పని ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ గ్రూపులోని టెక్నాలజీ కంపెనీకి అప్పగించారు. ఆ గ్రూపు 2018లో అప్పులు కట్టలేక కుప్పకూలింది. అక్టోబరు 1న కేంద్రం దాని బోర్డును తప్పించి కొత్త బోర్డును పెట్టింది. తర్వాత టెక్నాలజీ కంపెనీలో వాటాలు చేతులు మారాయి, పేరు టెర్రాసిస్ అయింది. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లను అడక్కుండానే సన్ వచ్చింది, ఒరాకిల్ వచ్చింది. ఇక్కడా అంతే. రాష్ట్రం మొత్తం సాగుభూముల లెక్క నడిపే కంపెనీకి యజమాని మారితే ఆ సంగతి పాసుపుస్తకం పట్టుకున్నవాళ్లకు ఎన్నికల సభల్లో ఆరోపణగా తప్ప చేరలేదు.

ప్రభుత్వాల కోసం రాసిన సాఫ్ట్‌వేర్ కోడును బయట పెట్టాలని, ఓపెన్ సోర్స్‌కు మొగ్గు చూపాలని కేంద్రం 2015లోనే రెండు విధానాలు ప్రకటించింది. హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి పనిచేస్తున్న 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి ఇదే మాట చెబుతూ వచ్చింది. ధరణి కోడు మాత్రం ఏనాడూ జనం ముందుకు రాలేదు.

కోడు బయటికొచ్చినా అది సగం వైద్యమే. మైఎస్‌క్యూఎల్ నచ్చకపోతే మాంటీ కోడు పట్టుకుని పక్కకు జరిగాడు. ఊరి భూమి లెక్కను ఎవరూ అలా పట్టుకుపోలేరు. ఒక సర్వే నంబరుకు చట్టం ఒప్పే రికార్డు ఒక్కటే. వేరు కుంపటి దారి మూసుకుపోయిన చోట కలం పట్టుకున్నవాడికి పగ్గం వేయాల్సింది చట్టమూ, ఒప్పందమూ.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 జనవరిలో కాంగ్రెస్ నాయకుడు కోదండరెడ్డి, భూచట్టాల నిపుణుడు సునీల్‌కుమార్ తదితరులతో కమిటీ వేశారు. అక్టోబరులో పోర్టల్ నిర్వహణను టెర్రాసిస్ నుంచి తప్పించి, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీకి మూడేళ్లకు ఇవ్వాలని నిర్ణయించారు. డిసెంబరులో రెవెన్యూ మంత్రి పొంగులేటి శ్రీనివాసరెడ్డి ధరణికి బదులుగా భూభారతి బిల్లు పెడుతూ గడుల లెక్కే చెప్పారు: చేత్తో రాసిన పహాణీకి 32 కాలమ్‌లు ఉండేవి, ధరణి ఒక్కదానికి కుదించింది, కొత్త రికార్డులో 11 ఉంటాయి. ఒక డేటాబేసు టేబుల్‌లో ఎన్ని కాలమ్‌లు ఉండాలన్నది శాసనసభలో చర్చకు వచ్చిన అరుదైన సందర్భమది.

2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. ముందుగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో బాన్సువాడ ఉన్న కామారెడ్డి జిల్లాలోని లింగంపేట ఒకటి. అక్కడ రెవెన్యూ సదస్సులు పెట్టి కాగితం మీద దరఖాస్తులు తీసుకున్నారు. ఆర్డీవో, కలెక్టర్ల దగ్గర అప్పీలు అంచెలు తిరిగొచ్చాయి. ఆగస్టులో సాదాబైనామాల మీద హైకోర్టు స్టే తొలగింది. సెప్టెంబరులో ఐదు వేల మందికి పైగా గ్రామ పాలన అధికారులు నియామక పత్రాలు అందుకున్నారు. పహాణీ, ప్రభుత్వ భూముల రిజిస్టరు, బదలాయింపుల రిజిస్టరు, నీటి వనరుల రిజిస్టరు గ్రామస్థాయిలో మళ్లీ రాయాలని కొత్త చట్టం చెబుతోంది.

ఎన్ఐసీకి ఇచ్చిన మూడేళ్ల గడువు 2027లో ముగుస్తుంది. పొడిగించినా, ఇంకొకరికి ఇచ్చినా అప్పటి ఒప్పందంలో రాయించుకోవాల్సినవి మైఎస్‌క్యూఎల్ బేరమూ, 1984లో సగం చేతికొచ్చిన దస్త్రాలూ ముందే చెప్పి పెట్టాయి: పోర్టల్ కోడు రాష్ట్రం పేరున ఉండటం, ఏ గడిని ఎవరు ఎప్పుడు మార్చారో తెలిపే చిట్టా రైతు కూడా చూడగలగడం, నడిపే సంస్థ యజమాని మారితే ఒప్పందం దానంతటదే రద్దవడం, మొత్తం డేటా నకలు ఏటా జిల్లాకు అందడం.